సొలిసిటర్ కావాలంటే ఏ లా డిగ్రీ చదవాలి?

కక్షిదారు మొదట వెళ్లే, పత్రాలూ కేసులూ సిద్ధం చేసే న్యాయవాదిని ఇంగ్లండ్, వేల్స్‌లలో సొలిసిటర్ అంటారు. అక్కడ సొలిసిటర్ కావడానికి లా డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు. చరిత్ర చదివినవారు, ఇంజినీరింగ్ చదివినవారు, బీకాం చేసినవారు కూడా ఆ వృత్తిలోకి వెళ్లవచ్చు. చేతిలో ఉన్న డిగ్రీ బ్రిటన్ డిగ్రీ స్థాయికి సమానమని తేలితే చాలు. ఈ సంగతి తెలియక రెండు రకాల నష్టాలు జరుగుతున్నాయి. కొందరు ఉన్న డిగ్రీని పక్కన పెట్టి మళ్లీ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లక్షలు పోస్తున్నారు. ఇంకొందరు ఒక్క ఏడాది ఎల్‌ఎల్‌ఎం అనే లా పీజీ చేస్తే లండన్‌లో సొలిసిటర్ అయిపోవచ్చని నమ్మి, అప్పు చేసి విమానం ఎక్కుతున్నారు. రెండో నష్టం మరీ పెద్దది. చదువు ముగిసి పట్టా చేతికొచ్చాక గానీ అది బయటపడదు.

లా డిగ్రీ తప్పనిసరి కానప్పుడు ఏ లా డిగ్రీ మంచిదన్న ప్రశ్నతో పనేమిటి అనిపించవచ్చు. పని ఉంది. నియమం అడగకపోయినా పరీక్ష అడుగుతుంది. ఉద్యోగమిచ్చే సంస్థ అడుగుతుంది. రేపు మనసు మారి, కోర్టులో వాదించే బారిస్టర్ కావాలనుకుంటే ఆ వృత్తి అడుగుతుంది. ఇంటికి తిరిగొస్తే మన బార్ కౌన్సిల్ అడుగుతుంది. ఒకరికి సరిపోయిన డిగ్రీ ఇంకొకరికి సరిపోకపోవచ్చు. ఎవరి ముందు నిలబడబోతున్నామో తెలిస్తేనే ఏ కోర్సు సరైనదో తేలుతుంది.

2021లో మారినదేమిటి

పాత పద్ధతిలో మెట్లు స్పష్టంగా ఉండేవి. నియంత్రణ సంస్థలు గుర్తించిన లా డిగ్రీ చదవాలి. వేరే డిగ్రీ చదివినవారు ఏడాది పాటు లా మార్పిడి కోర్సు చేయాలి. ఆ తర్వాత ఎల్‌పీసీ అనే వృత్తి కోర్సు, దాని తర్వాత ఏదైనా లా ఫర్మ్‌లో పనిచేస్తూ నేర్చుకునే రెండేళ్ల ట్రెయినింగ్ కాంట్రాక్ట్. ఆ కాంట్రాక్ట్ దొరకనివారు ఎల్‌పీసీకి పోసిన డబ్బుతో, పట్టాతో, అక్కడే ఆగిపోయేవారు.

2021 సెప్టెంబరు 1న సొలిసిటర్ల నియంత్రణ సంస్థ అయిన సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ ఈ మెట్లన్నీ మార్చింది. ఇప్పుడు కావలసినవి నాలుగే: ఏదో ఒక డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత, ఎస్‌క్యూఈ అనే రెండు భాగాల పరీక్షలో ఉత్తీర్ణత, రెండేళ్ల అర్హమైన పని అనుభవం, నడవడిక విషయంలో ఆ సంస్థ ఆమోదం. ఆ తేదీకి ముందే పాత దారి పట్టినవారు 2032 డిసెంబరు 31 వరకు అదే దారిలో పూర్తి చేసుకోవచ్చు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం ఎస్‌క్యూఈ ఒక్కటే దారి.

ఈ మార్పుతో ‘గుర్తింపు పొందిన లా డిగ్రీ’ అన్న మాటకు సొలిసిటర్ల వరకు విలువ పోయింది. ఇది చాలామంది కన్సల్టెంట్లు చెప్పని విషయం. యూనివర్సిటీ బ్రోషర్‌లో ఆ మాట పెద్ద అక్షరాలతో కనిపిస్తే అది సొలిసిటర్‌కు సంబంధించినది కాదని గుర్తుంచుకోవాలి. దాని విలువ ఇప్పుడు బారిస్టర్ దారిలోనే ఉంది.

బారిస్టర్ వేరు, సొలిసిటర్ వేరు

మనకు బారిస్టర్ అన్న మాట టంగుటూరి ప్రకాశం పంతులు గారి నుంచే బాగా పరిచయం. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మంచి పేరు తెచ్చుకున్నా, ఆ హోదాతో హైకోర్టులో వాదించే వీలు ఉండేది కాదు. 1904లో ఇంగ్లండ్ వెళ్లి బారిస్టర్ పట్టా పుచ్చుకుని 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. కోర్టులో నిలబడి వాదించే ఆ వృత్తి పేరు మన జ్ఞాపకంలో అలా నిలిచిపోయింది. సొలిసిటర్ పేరు అంతగా నిలవలేదు. మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టుల్లో అదే తరహా పని చేసే అటార్నీలు ఉన్నా, జిల్లా కోర్టుల చుట్టూ తిరిగే మన కుటుంబాలకు వారితో పని పడింది తక్కువ. 1976లో అడ్వొకేట్స్ చట్టానికి చేసిన సవరణతో మన దేశంలో ఆ విభజన చట్టపరంగా తొలగిపోయింది. ఇక్కడ ఎన్‌రోల్ అయిన ప్రతివారూ అడ్వొకేటే.

ఇంగ్లండ్‌లో విభజన ఇంకా ఉంది. కక్షిదారు మొదట వెళ్లేది సాధారణంగా సొలిసిటర్ దగ్గరికి. ఇల్లు కొనుగోలు పత్రాలు, కంపెనీల ఒప్పందాలు, విడాకులు, వీలునామాలు, వీసా దరఖాస్తులు, పోలీస్ స్టేషన్‌లో నిందితుడి పక్కన కూర్చోవడం, కేసు కట్ట సిద్ధం చేయడం ఆయన పని. పెద్ద కోర్టులో వాదించాల్సి వస్తే చాలావరకు బారిస్టర్‌ను పెడతారు.

డిగ్రీ ఎంపికకు దీనితో నేరుగా సంబంధం ఉంది. బారిస్టర్ల నియంత్రణ సంస్థ డిగ్రీ షరతును సడలించలేదు. రాజ్యాంగ-పాలనా చట్టం, కాంట్రాక్టులు, టార్టులు (ఒప్పందంతో పని లేని నష్టపరిహార బాధ్యత), క్రిమినల్ చట్టం, భూమి చట్టం, ఈక్విటీ-ట్రస్టులు (ఒకరి కోసం ఇంకొకరు ఆస్తిని చూసుకునే ఏర్పాట్ల చట్టం), యూరోపియన్ యూనియన్ చట్టం అనే ఏడు పునాది సబ్జెక్టులున్న లా డిగ్రీ గానీ, వేరే డిగ్రీ మీద మార్పిడి కోర్సు గానీ ఉండాలి. డిగ్రీలో కనీసం లోయర్ సెకండ్ క్లాస్ (అక్కడి శ్రేణుల్లో ఫస్ట్, అప్పర్ సెకండ్ తర్వాతిది) రావాలి. పద్దెనిమిదేళ్ల పిల్లకో పిల్లవాడికో తాను వాదించాలనుకుంటున్నదీ, పత్రాలు రాయాలనుకుంటున్నదీ తెలియకపోవడం సహజం. అలాంటివారు ఈ ఏడు సబ్జెక్టులూ ఉన్న డిగ్రీ తీసుకుంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఒక్కటి తగ్గినా తర్వాత విడిగా పూడ్చుకోవాల్సి వస్తుంది. ‘లా విత్ బిజినెస్’, ‘లా అండ్ క్రిమినాలజీ’ వంటి జంట డిగ్రీల్లో ఈ సబ్జెక్టులన్నీ తప్పనిసరిగా ఉంటాయా, ఐచ్ఛికంగా ఉంటాయా అన్నది మాడ్యూళ్ల జాబితాలో చూసుకోవాల్సిన మొదటి విషయం.

పేర్లను చూసి మోసపోవద్దు

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో లా చదివినవారికి డిగ్రీ స్థాయిలో వచ్చేది బీఏ. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ కోర్సు పేరు జ్యూరిస్‌ప్రుడెన్స్. ఎల్‌ఎల్‌బీ అన్న మాట లేదని ఆ పట్టాకు విలువ తగ్గదు. అదే ఆక్స్‌ఫర్డ్‌లో బీసీఎల్ (బ్యాచిలర్ ఆఫ్ సివిల్ లా) అనే కోర్సు పేరు చూస్తే డిగ్రీలా ఉంటుంది గానీ, అది పీజీ స్థాయి చదువు. పేరులోని అక్షరాలు కోర్సు స్వభావాన్ని చెప్పవు.

ఎక్కువ గందరగోళం ఎల్‌ఎల్‌ఎం అన్న మూడక్షరాల దగ్గర ఉంది. ఇవాళ బ్రిటన్‌లో ఈ పేరుతో కనీసం మూడు వేర్వేరు చదువులు నడుస్తున్నాయి. మొదటిది మనకు తెలిసిన ఎల్‌ఎల్‌ఎం: అంతర్జాతీయ వాణిజ్య చట్టం, మానవ హక్కులు, మేధో సంపత్తి వంటి ఒక రంగంలో లోతైన విద్య. మన దగ్గర ఎల్‌ఎల్‌బీ చేసినవారు ఎక్కువగా చేరేది ఇందులోనే. రెండోది ఎస్‌క్యూఈకి తర్ఫీదు ఇస్తూ, పైన ఒక చిన్న పరిశోధన పత్రం జోడించి ఎల్‌ఎల్‌ఎం పట్టా ఇచ్చే కోర్సు. మూడోది వేరే డిగ్రీ చదివినవారి మార్పిడి కోర్సును మాస్టర్స్‌గా పొడిగించినది. దీన్ని కొన్నిచోట్ల ఎంఏ లా అని కూడా అంటారు. చివరి రెండూ పుట్టడానికి ఒక కారణం ఉంది: బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే పీజీ విద్యారుణం మాస్టర్స్ పట్టా ఉన్న కోర్సులకే వస్తుంది. అంటే ఆ అదనపు పట్టా చాలావరకు అక్కడి విద్యార్థి రుణం కోసం. ఆ రుణానికి అర్హత లేని మన విద్యార్థి అదే అదనపు ఫీజును సొంత జేబు నుంచి కట్టే ముందు ఆలోచించుకోవాలి.

మొదటి రకం ఎల్‌ఎల్‌ఎం మంచి చదువే. బోధనలోకి, పరిశోధనలోకి, అంతర్జాతీయ సంస్థల్లోకి వెళ్లాలనుకునేవారికి అది ఎంతో ఉపయోగం. సొలిసిటర్ కావడానికి మాత్రం అది ఒక్క మెట్టు కూడా ఎక్కించదు. ఎస్‌క్యూఈలో ఒక్క పేపరు నుంచీ మినహాయింపు ఇవ్వదు. అంతర్జాతీయ మధ్యవర్తిత్వంపై ఏడాది చదివి డిస్టింక్షన్ తెచ్చుకున్నా, ఇంగ్లండ్ భూమి చట్టం మళ్లీ మొదటి పాఠం నుంచి చదవాల్సిందే. ఈ మాట అడ్మిషన్ ముందే గట్టిగా చెప్పేవారు ఉంటే ఎన్నో ఇళ్లలో అప్పులు తగ్గేవి.

పరీక్ష ఏమి అడుగుతుంది

ఎస్‌క్యూఈ మొదటి భాగంలో రెండు పేపర్లు. ఒక్కోదానిలో 180 ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు ఐదు జవాబులు, వాటిలో అత్యుత్తమమైనది గుర్తించాలి. పుస్తకాలు తెరవకూడదు. ఒక్కో పేపరు ఒక పూర్తి రోజు, దాదాపు ఐదు గంటల రాత. రెండో భాగంలో మొత్తం 16 పనులు చేసి చూపించాలి. అందులో 12 రాతపూర్వకం, నాలుగు మౌఖికం. కక్షిదారుతో మాట్లాడటం, కోర్టులో వాదన వినిపించడం, లేఖ రాయడం, ఒప్పందం ముసాయిదా తయారు చేయడం వంటివి. మొదటి భాగాన్ని ఇతర దేశాల్లోని పరీక్షా కేంద్రాల్లోనూ రాయవచ్చు. రెండో భాగంలోని మౌఖిక పరీక్షకు మాత్రం ఇంగ్లండ్‌కో వేల్స్‌కో వెళ్లాలి. రెండు భాగాల ఫీజు కలిపి దాదాపు 5,000 పౌండ్లు, తర్ఫీదు ఖర్చు వేరు. ఒక్కో భాగానికి మూడు ప్రయత్నాలే, అవీ మొదటిసారి రాసిన నాటి నుంచి ఆరేళ్లలో.

తేలికైన పరీక్ష కాదు. మొదటి భాగంలో 2024 జనవరిలో 56 శాతం మంది గట్టెక్కారు. 2025 జూలైలో 41 శాతమే.

ఎలాంటి ప్రశ్న వస్తుందో ఒక నమూనా చూద్దాం. ఒక వృద్ధుడు ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామాపై సంతకం చేశాడు. సాక్షులిద్దరూ సంతకాలు పెట్టారు. ఆ సాక్షుల్లో ఒకామె భర్తకు వీలునామాలో 10,000 పౌండ్లు రాసి ఉంది. వృద్ధుడు చనిపోయాడు. ఇప్పుడేమవుతుంది? వీలునామా మొత్తం రద్దవుతుందా, సాక్ష్యం చెల్లక వేరే సాక్షి కావాలా, సాక్షికి కాక భర్తకు కదా రాసింది కాబట్టి డబ్బు వస్తుందా, సగం వస్తుందా? ఇంగ్లండ్‌లో జవాబు 1837 నాటి వీలునామాల చట్టం 15వ సెక్షన్‌లో ఉంది: వీలునామా చెల్లుతుంది, ఆ భర్తకు రాసిన డబ్బు మాత్రం పోతుంది. మన 1925 భారతీయ వారసత్వ చట్టం 67వ సెక్షన్‌లోనూ ఇదే సూత్రం ఉంది. అయితే హిందువులు రాసే వీలునామాలకు ఆ సెక్షన్ వర్తించదు. హైదరాబాద్‌లో హిందూ కుటుంబాల వీలునామాలు ఏళ్ల తరబడి చూసిన అడ్వొకేటు తన అనుభవాన్ని నమ్ముకుని గుర్తు పెడితే మార్కు పోతుంది.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. వీలునామాలు, వారసత్వ ఆస్తుల పంపకం అనే సబ్జెక్టు ఆ ఏడు పునాది సబ్జెక్టుల్లో లేదు. ఇళ్ల క్రయవిక్రయాల పద్ధతి, కోర్టు వ్యాజ్యాల నడక, క్రిమినల్ ప్రొసీజర్, కక్షిదారుల డబ్బును విడి ఖాతాలో ఉంచే సొలిసిటర్ అకౌంట్స్ కూడా లేవు. ఎస్‌క్యూఈ మొదటి భాగంలో ఇవన్నీ ఉన్నాయి. కాబట్టి ఎంత పేరున్న యూనివర్సిటీలో సాంప్రదాయిక ఎల్‌ఎల్‌బీ చదివినా, పరీక్షకు విడిగా కొన్ని నెలల తర్ఫీదు తప్పదు.

ఈ ఖాళీ చూసి కొన్ని యూనివర్సిటీలు ఎస్‌క్యూఈ సబ్జెక్టులను కలుపుకున్న ఎల్‌ఎల్‌బీలు తెచ్చాయి. ఆలోచన బాగుంది. ఒక చిన్న ఊరి ఫర్మ్‌లో చేరి సొంత ఖర్చుతో పరీక్ష రాయాలనుకునేవారికి ఇవి డబ్బు ఆదా చేస్తాయి. బ్యాంకులు, పెద్ద వ్యాపారాలుండే లండన్ సిటీ ప్రాంతంలోని పెద్ద ఫర్ముల వైపు చూసేవారికి వీటితో ప్రత్యేక లాభం తక్కువ. ఆ ఫర్ములు ఎంపిక చేసుకున్నవారికి తర్ఫీదు ఖర్చు తామే భరిస్తాయి, తాము ఎంచుకున్న సంస్థలోనే చేర్పిస్తాయి. అవి చూసేది అప్పర్ సెకండ్ క్లాస్ వచ్చిందా, రాత ఎలా ఉంది, ఆలోచన ఎలా ఉంది అన్నది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: పద్దెనిమిదేళ్ల వయసులో మూడేళ్ల చదువును ఒక బహుళైచ్ఛిక పరీక్షకు కుదించుకోవడం మంచిది కాదు. చట్టం ఎందుకు అలా ఉందో ఆలోచించడానికి మళ్లీ అంత తీరిక వృత్తిలో దొరకదు. పరీక్షకు తర్ఫీదు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఎవరికి ఏది

ఇంటర్ ముగించి నేరుగా ఇంగ్లండ్‌కు వెళ్లాలనుకునేవారికి ఏడు పునాది సబ్జెక్టులున్న మూడేళ్ల ఎల్‌ఎల్‌బీయే సరైనది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, యూసీఎల్, ఎల్‌ఎస్‌ఈ, కింగ్స్ వంటి చోట్ల ఎల్‌న్యాట్ అనే ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. అందులో చట్టం తెలియాల్సిన పని లేదు. 42 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఒక వ్యాసం. చదివింది అర్థం చేసుకుని వాదనలోని లోపం పట్టుకోగలరా అన్నదే పరీక్ష. కోచింగ్ పుస్తకాల కన్నా రోజూ ఒక మంచి పత్రిక సంపాదకీయం చదివి, ఎదురు వాదన రాసుకోవడం దీనికి మేలైన సాధన. విదేశీ విద్యార్థులకు ఫీజు ఏడాదికి 20,000 పౌండ్లు దాటడం మామూలే. మూడేళ్లు, పైగా ఇంటి అద్దె, తిండి. అంత భారం మోసే స్థితి లేకపోతే ఇంగ్లండ్ కలను వదులుకోవాల్సిన అవసరం లేదు. వేరే దారి ఉంది, అది చౌక కూడా.

ఆ దారి మన లా కాలేజీల మీదుగా వెళ్తుంది. క్లాట్ రాసి హైదరాబాద్ నల్సార్‌లోనో, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో ఐదేళ్ల కోర్సు చేయవచ్చు. లాసెట్ ద్వారా రాష్ట్ర యూనివర్సిటీల కాలేజీల్లో ఐదేళ్లది గానీ, డిగ్రీ తర్వాత మూడేళ్లది గానీ చేయవచ్చు. తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, అఖిల భారత బార్ పరీక్ష పాసై అడ్వొకేటు కావాలి. ఇంగ్లండ్ నియంత్రణ సంస్థ దృష్టిలో అప్పుడు మీరు వేరే దేశంలో అర్హత పొందిన లాయర్. అలాంటివారికి రెండేళ్ల పని అనుభవం షరతు వర్తించదు. ఇది చాలా పెద్ద ఊరట, దీని సంగతి మళ్లీ చెబుతాను. కొన్నేళ్ల ప్రాక్టీసు అనుభవం చూపగలిగితే ఎస్‌క్యూఈ రెండో భాగం నుంచి మినహాయింపు కోసం దరఖాస్తు కూడా చేసుకోవచ్చు. మొదటి భాగం మాత్రం చదివి రాయాల్సిందే.

మన చట్టానికి పునాది ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల మీద పెరిగిన చట్టం) కాబట్టి సగం తెలిసినట్టే అనుకోవడం సహజం. అక్కడే జాగ్రత్త పడాలి. 1882లో మద్రాసు హైకోర్టు ముందుకొచ్చిన చిన్నయ్య, రామయ్యల కేసు మన లా విద్యార్థులందరికీ తెలుసు. ఒక తల్లి తన ఆస్తిని కూతురికి దానంగా రాసి, తన తోడబుట్టినవారికి ఏటా కొంత సొమ్ము ఇవ్వాలని షరతు పెట్టింది. కూతురు ఇస్తానని విడిగా రాసిచ్చింది, తర్వాత ఇవ్వలేదు. ‘మీరు నాకేమీ ఇవ్వలేదు కదా, మీకు నేనెందుకు కట్టాలి’ అన్నది ఆమె వాదన. ప్రతిఫలం, అంటే వాగ్దానానికి బదులుగా ఇచ్చేది, తల్లి నుంచి వచ్చినా సరిపోతుందని కోర్టు తేల్చింది, ఎందుకంటే 1872 భారత కాంట్రాక్టు చట్టం ప్రతిఫలం వాగ్దానం పొందినవారి నుంచి గానీ ఇంకెవరి నుంచైనా గానీ రావచ్చని చెబుతుంది. ఇంగ్లండ్‌లో 1861 నాటి ట్వెడిల్ తీర్పు ప్రకారం ప్రతిఫలం వాగ్దానం పొందినవారి నుంచే రావాలి. ఆ కఠినత్వాన్ని తగ్గించడానికి 1999లో మూడో వ్యక్తుల హక్కుల చట్టం తెచ్చారు. సూత్రం పేరు రెండు దేశాల్లో ఒకటే, జవాబు వేరు. మన అడ్వొకేట్లు ఎస్‌క్యూఈకి చదివేటప్పుడు పూర్తిగా కొత్త సబ్జెక్టుల కన్నా ఇలా తెలిసినట్టే అనిపించే సబ్జెక్టుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

బీటెక్, బీకాం, బీఎస్సీ చేసినవారికి నియమం ప్రకారం లా చదువుతో పనే లేదు, నేరుగా ఎస్‌క్యూఈ రాయవచ్చు. అలా చేయమని మాత్రం నేను చెప్పను. ట్రస్టు అంటే ఏమిటో ఎప్పుడూ వినని మనిషి కొన్ని నెలల తర్ఫీదుతో ఆ 360 ప్రశ్నల ముందు కూర్చోవడం డబ్బునూ, మూడింటిలో ఒక ప్రయత్నాన్నీ పణంగా పెట్టడమే. ఏడాది పాటు సాగే పీజీడీఎల్ అనే మార్పిడి కోర్సు ఆ పునాది వేస్తుంది. పెద్ద ఫర్ములు చాలావరకు నాన్-లా అభ్యర్థులను ఆ కోర్సు చేయమనే అడుగుతాయి, ఫీజు కూడా అవే కడతాయి. ఫార్మసీ చదివినవారు పేటెంట్ల వైపు, ఇంజినీర్లు నిర్మాణ ఒప్పందాల వైపు వెళ్తే పాత డిగ్రీయే బలమవుతుంది. పూర్తి లా డిగ్రీయే కావాలనుకునేవారికి గ్రాడ్యుయేట్ల కోసం రెండేళ్ల ఎల్‌ఎల్‌బీలున్నాయి. బర్మింగ్‌హామ్, క్వీన్ మేరీ వంటి చోట్ల ఇవి నడుస్తున్నాయి. ఇంగ్లండ్‌లోనే స్థిరపడేవారికి అవి బాగానే ఉంటాయి. తిరిగిరావాలనుకునేవారికి వాటితో ఒక చిక్కుంది.

బ్రిటన్‌లోనే పెరిగిన మన పిల్లలకు ఇంకో దారి కూడా ఉంది. దాన్ని తెలుగు కుటుంబాలు తగినంతగా పట్టించుకోవడం లేదు. 2016లో మొదలైన సొలిసిటర్ అప్రెంటిస్‌షిప్ ఏ-లెవెల్స్ (మన ఇంటర్ వంటివి) తర్వాత ఆరేళ్లు. ఫర్మ్‌లో జీతానికి పనిచేస్తూనే డిగ్రీ, ఎస్‌క్యూఈ, పని అనుభవం మూడూ పూర్తవుతాయి. ఫీజు కట్టేది విద్యార్థి కాదు. యూనివర్సిటీ జీవితం లేకపోవడం నిజంగా లోటే, కానీ విద్యారుణం లేకుండా పాతికేళ్ల లోపు సొలిసిటర్ కావడం చిన్న విషయం కాదు. 2026 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో ఈ స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు ప్రభుత్వ నిధులు ప్రధానంగా 16 నుంచి 21 ఏళ్లలోపు మొదలుపెట్టేవారికే పరిమితమయ్యాయి. ఆలస్యం చేస్తే ఈ తలుపు మూసుకుంటుంది.

రెండేళ్ల అనుభవం, వీసా గడువు

డిగ్రీ గురించి గంటల తరబడి చర్చించే ఇళ్లలో ఈ రెండేళ్ల ప్రస్తావన రాదు. విదేశీ విద్యార్థిని ఎక్కువగా ఇరికించేది మాత్రం ఇదే.

పాత ట్రెయినింగ్ కాంట్రాక్ట్ కన్నా కొత్త నియమం ఉదారమైనది. రెండేళ్ల అనుభవాన్ని నాలుగు సంస్థల దాకా పంచుకోవచ్చు. పారాలీగల్ (న్యాయవాదులకు సహాయకుడు) ఉద్యోగం, యూనివర్సిటీ ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో చేసిన పని, వేరే దేశంలో చేసిన పని కూడా లెక్కలోకి వస్తాయి. అయితే ఆ పని జరిగిందని ఇంగ్లండ్, వేల్స్‌లలో అర్హత ఉన్న సొలిసిటర్ గానీ, అక్కడి నియంత్రణలో ఉన్న సంస్థ నియమపాలన అధికారి గానీ ధ్రువీకరించాలి. విజయవాడలో సీనియర్ దగ్గర రెండేళ్లు జూనియర్‌గా కష్టపడినా, ఆ సంతకం పెట్టగల మనిషి లేకపోతే అది ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు వీసా చూడండి. డిగ్రీ తర్వాత ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు అది 18 నెలలే. కావలసిన అనుభవం 24 నెలలు. ఆ ఆరు నెలల ఖాళీని చదువు రోజుల్లోనే న్యాయ సహాయ కేంద్రంలో పనిచేసి పూడ్చుకోవాలి. లేదంటే వీసా స్పాన్సర్ చేసే ఫర్మ్ దొరకాలి. అలా సంస్థ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జూలై నుంచి సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి 33,400. లండన్ సిటీ ఫర్ములకు ఇది లెక్కలోనిది కాదు. ఊరి వీధుల్లో ఇళ్ల పత్రాలూ ఇమిగ్రేషన్ కేసులూ చూసే చిన్న ఫర్మ్ పారాలీగల్‌కు అంత ఇవ్వడం కష్టం.

అందుకే యూనివర్సిటీని ఎంచుకునేటప్పుడు ర్యాంకుల పట్టికతో పాటు అడగాల్సిన ప్రశ్న ఇది: మీ న్యాయ సహాయ కేంద్రంలో సొలిసిటర్ పర్యవేక్షణ ఉందా, అక్కడి పనిని అర్హమైన అనుభవంగా ధ్రువీకరిస్తారా, మొదటి సంవత్సరం నుంచే అవకాశం ఉంటుందా? ఈ మూడింటికీ అవునన్న యూనివర్సిటీ, ర్యాంకులో పది స్థానాలు కిందున్నా, మన విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇక అడ్వొకేటుగా వెళ్లినవారికి ఈ 24 నెలల గొడవే ఉండదు. ఊరట అన్నది అందుకే.

స్కాట్లండ్ సంగతి

ఎడిన్‌బరో, గ్లాస్గోలు గొప్ప యూనివర్సిటీలే. కానీ స్కాట్లండ్ న్యాయవ్యవస్థ వేరు. అక్కడి ఎల్‌ఎల్‌బీ మామూలుగా నాలుగేళ్లు, నేర్పేది స్కాట్స్ లా. అక్కడ సొలిసిటర్ కావాలంటే ఆ డిగ్రీ తర్వాత వృత్తి డిప్లొమా, రెండేళ్ల ట్రెయినీషిప్ చేయాలి. ఎస్‌క్యూఈతో దానికి సంబంధం లేదు. ఆ డిగ్రీతో ఇంగ్లండ్ ఎస్‌క్యూఈ రాయవచ్చు గానీ, ఇంగ్లండ్ చట్టం విడిగా నేర్చుకోవాలి. డండీ వంటి చోట ఇంగ్లిష్ లా ఎల్‌ఎల్‌బీ కూడా ఉంది కాబట్టి కోర్సు పేరులో ఏ దేశపు లా ఉందో చూసుకుని దరఖాస్తు పెట్టాలి. ఉత్తర ఐర్లండ్‌ది మళ్లీ వేరే పద్ధతి.

తిరిగి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే

ఇంగ్లండ్ సొలిసిటర్ అయినంత మాత్రాన హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులోనో, గుంటూరు జిల్లా కోర్టులోనో నిలబడి వాదించే హక్కు రాదు. ఇక్కడ ఎన్‌రోల్ కావాలంటే అడ్వొకేట్స్ చట్టం, 1961 కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన డిగ్రీ ఉండాలి. విదేశీ డిగ్రీ ఉన్న భారతీయులు ప్రత్యేకంగా ఒక అర్హత పరీక్ష రాయాలి.

చిక్కు సంవత్సరాల లెక్కలో వస్తుంది. మన నమూనా ఇంటర్ తర్వాత ఐదేళ్లు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లు. ఇంటర్ తర్వాత నేరుగా ఇంగ్లండ్‌లో చేసిన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఈ రెండింటికీ సరిపోదు. అలాంటివారిని బ్రిడ్జి కోర్సు చేయమనడం, దానిపై కోర్టుల్లో వివాదాలు నడవడం జరుగుతున్నాయి. గ్రాడ్యుయేట్ల రెండేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా ఈ మూడేళ్ల కొలతకు తగ్గుతుంది. ఇక్కడ డిగ్రీ చేసి, ఆపై ఇంగ్లండ్‌లో పూర్తి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివినవారికి సంవత్సరాల ఇబ్బంది ఉండదు, గుర్తింపు జాబితాలో ఆ యూనివర్సిటీ ఉండాలి. మన దగ్గరే లా చదివి వెళ్లినవారికి ఈ ప్రశ్నలేవీ రావు. వారి ఎన్‌రోల్‌మెంట్ ఇక్కడే ఉంటుంది.

తిరిగి వచ్చే ఆలోచన రవ్వంత ఉన్నా, డిపాజిట్ కట్టే ముందు కోర్సు పేరు, వ్యవధి, యూనివర్సిటీ పేరు, ఇంటర్ తర్వాతా డిగ్రీ తర్వాతా అన్న వివరం రాసి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను లేఖ ద్వారా అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. కన్సల్టెంట్ ఫోనులో చెప్పిన మాటను ఎన్‌రోల్‌మెంట్ కమిటీ పరిగణనలోకి తీసుకోదు.